ఎవరి యావ వారికి

(పెద్దలకు మాత్రమే. రాసినవారి పేర్లు, ఆనవాళ్ళు తీసేశాం. జవాబులు: మా లైంగిక, మానసిక ఆరోగ్య బృందం)

ఈ నెల సంచీలో ఎక్కువ ఉత్తరాలు 'ఫెటిష్' గురించే. మామూలుగా కామంతో సంబంధం లేదనుకునే వస్తువో, గుడ్డో, శరీరంలో ఒక భాగమో ఒక మనిషికి గట్టిగా కోరిక రేపితే ఆ మాట వాడతారు. 1887లో దీన్ని ఈ అర్థంలో వాడుకకు తెచ్చినవాడు ఫ్రెంచి మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే. తెలివితేటల పరీక్ష తయారుచేసిన బినే కూడా ఈయనే. తెలుగులో అచ్చంగా సరిపోయే మాట లేదు గానీ 'యావ' దగ్గరగా వస్తుంది. ఇక్కడ అదే వాడాం.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆడవాళ్ళ పాదాలు, పట్టీలు చూస్తే మనసు ఆగదు. మాఘమాసంలో పెళ్ళండి. ఇది జబ్బా? అమ్మాయికి చెప్పాలా, దాచాలా?

జబ్బు కాదు. శరీర భాగాల మీద యావల్లో పాదాలదే మొదటి స్థానం. 2007లో ఇటలీ పరిశోధకులు ఇంటర్నెట్ బృందాలను లెక్కవేసి చూసినప్పుడు పాదాలు, చెప్పులు, మేజోళ్ళే అన్నిటికంటే ముందున్నాయి. 2017లో అచ్చయిన కెనడా క్వెబెక్ సర్వేలో 1,040 మంది పెద్దలను అడిగితే, ఏదో ఒక వస్తువు మీదో అలాంటిదాని మీదో ఇలాంటి ఆసక్తి ఉందని 44.5 శాతం చెప్పారు. మీరు అనుకున్నంత ఒంటరివారేమీ కారు.

పాదాలే ఎందుకంటే ఒక ముచ్చటైన వివరణ ఉంది. మెదడు పైపొరలో శరీరానికంతటికీ ఒక పటం ఉంటుంది. శస్త్రవైద్యుడు పెన్‌ఫీల్డ్ గీసిన ఆ పటంలో పాదం పక్కనే జననాంగం ఉంది. కాలు తీసేసిన కొందరు, లేని పాదంలో ఆ సుఖం తెలుస్తోందని చెప్పడం విన్న మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, పక్కపక్క ఇళ్ళవాళ్ళ మధ్య గోడ పలచబడినట్టు ఒకదాని సంకేతం ఇంకోదానిలోకి చొరబడుతోందేమో అన్నారు. వినడానికి బాగుంది. కానీ 2005లో స్కానింగుతో చూసినవారికి జననాంగం చోటు పాదం పక్కన కాక పొట్ట, తొడల నడుమ, ఉండాల్సిన చోటే కనిపించింది. పైగా ఈ లెక్కతో చెప్పుల మీద, రెయిన్‌కోటు మీద యావకు జవాబు దొరకదు. పత్రికలవాళ్ళం ఈ కథను అవసరానికి మించి ప్రచారం చేశామని మా అభిప్రాయం.

ఎక్కువ నమ్మకంగా నిలిచేది జత కుదరడం. ఒక వస్తువు, ఒక ఉద్రేకం పదేపదే కలిసి వస్తే మెదడు రెంటికీ ముడివేస్తుంది. 1966లో లండన్‌లో రాక్‌మన్ అనే మనస్తత్వవేత్త ముగ్గురు యువకులకు ముందు బూట్ల బొమ్మ, వెంటనే నగ్న చిత్రం చూపిస్తూ పోయాడు. కొన్నాళ్ళకు ఒట్టి బూట్లకే శరీరం స్పందించింది. నగ్న చిత్రం ఆపేసి బూట్లే చూపిస్తే ఆ స్పందన ఆరిపోయింది కూడా. ఇంతకంటే విచిత్రం కౌజు పిట్టల మీద చేసిన ప్రయోగం. టర్కీ తువ్వాలు గుడ్డతో చేసిన బొమ్మను పెట్టి, వెనకే ఆడపిట్టను వదిలేవారు. మగపిట్టల్లో సగం దాకా ఆ గుడ్డబొమ్మతోనే జతకట్టడం మొదలుపెట్టాయి, ఆడపిట్టను రానివ్వకపోయినా మానలేదు. మిగతా సగం అసలు అంటుకోలేదు. ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ముల్లో ఒకరికే ఎందుకు పట్టుకుంటుందన్న ప్రశ్నకు ఈ సగం సగం లెక్క కొంత జవాబు.

మన దగ్గర పాదానికి అలంకారం ఎలాగూ ఉంది. పసుపు, సున్నం కలిపి ఎర్రబడ్డ పారాణి, పట్టీలు, మెట్టెలు. చూపు పాదం మీద నిలవడానికే కదా ఇవన్నీ.

ఇక అమ్మాయికి చెప్పడం. శోభనం రాత్రి వద్దు, ఫోన్ మెసేజీలో అసలు వద్దు. పెళ్ళయి కొన్ని వారాలు గడిచి, మాట చనువు వచ్చాక, పడక మీద కాకుండా మామూలు వేళ చెప్పండి. ముందు పాదాలకు నూనె రాస్తానని అడగండి. ఆమెకు హాయిగా ఉందో లేదో చూడండి. తరవాత ఒక్క వాక్యం చాలు: "నీ పాదాలంటే నాకు మామూలుకంటే ఎక్కువ ఇష్టం, నీకు ఇబ్బంది లేకపోతేనే." పెద్ద రహస్యం బయటపెడుతున్నట్టు తల వంచుకుని అరగంట ఉపోద్ఘాతం చెబితే, వినేవాళ్ళకు ఏదో ఘోరం వినబోతున్నామన్న భయం పుడుతుంది. చాలా కాపురాల్లో ఈ మాట చెడేది ఇక్కడే. ఆమె వద్దంటే ఆ రోజుకు వద్దన్నట్టే. బతిమాలుతూ పోతే ఆమెకు అది మీ హక్కులా, తన చాకిరీలా అనిపిస్తుంది.

మీరు అడగని సంగతి ఒకటి. మన డెల్టాలో పాదం ఏడాదికి సగం రోజులు తడిలోనే ఉంటుంది. వేళ్ళ సందుల్లో తెల్లగా నాని, చీలి, దురద పెడితే అది ఫంగస్. గజ్జలకు పాకుతుంది. సబ్బుతో కడిగి సందులు పొడిగుడ్డతో ఆర్చి, క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రోజుకు రెండుసార్లు నాలుగు వారాలు రాయాలి. వారానికే దురద పోయిందని ఆపితే మళ్ళీ వస్తుంది. మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము అంటగడతారు. అది రెండు రోజుల్లో దురద తగ్గించి, లోపల ఫంగస్‌ను పెంచుతుంది. డబ్బా మీద బీటామెథసోన్, క్లోబెటసోల్ అని ఉంటే తిరిగిచ్చేయండి. షుగర్ ఉన్నవారి పాదంతో ఒత్తిళ్ళు, కొరుకుళ్ళు వద్దు. గాయమైనా వారికి తెలియకపోవచ్చు.

ప్రశ్న: ఇంకా వింతవి ఉంటాయటగా? వాటిలో ఏముందని అంత మోజు? (పాలకొల్లు)

బెలూన్ల మీద యావ ఉన్నవారున్నారు. వారిలోనూ రెండు తెగలు. పగలడం కోసం ఎదురుచూసేవారు, పగిలితే ఏడుపొచ్చేవారు. ఊదుతూ పోతే ఎప్పుడు ఢామ్మంటుందో తెలియని ఆ బిగుతే మొదటివారికి మజా. తుమ్ముకు ఉద్రేకపడేవారికీ అంతే: ఆపుకోలేక ముఖం అదుపు తప్పే ఆ క్షణం. ఎంత మర్యాదగా ఉండే మనిషైనా తుమ్ము ముందు ఓడిపోతాడు. ఎదుటివారు అదుపు తప్పడాన్ని చూడడంలో ఉన్న ఆకర్షణ ఇలాంటి చాలావాటిలో కనిపిస్తుంది.

రబ్బరు, రెయిన్‌కోటు యావలో పనిచేసేవి వాసన, మెరుపు, ఒంటికి అంటుకునే బిగువు. పిండికట్టు వేసిన కాలు చూస్తే చలించేవారికి కదల్లేని తనం, సేవ చేసే అవకాశం. తడి బట్టల యావకు మన సినిమా వాన పాటలు చేసిన సేవ ఇంతా అంతా కాదు, వేరే వివరణ అక్కర్లేదు. 2007లో ఒక అమెరికన్ మహిళ ఈఫిల్ టవర్‌ను పెళ్ళాడింది. ఇలాంటివారిలో కొందరు దాన్ని కామం అనరు, ప్రేమ అంటారు.

అన్నిటికంటే వింతది 1954లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మూర్ఛ ఉన్న ఒకాయనకు పిన్నీసు చూస్తుంటే చెప్పలేని తృప్తి. కాసేపు చూశాక మూర్ఛ వచ్చేది. మెదడులో కణత వైపు భాగం కొంత తీసేశాక మూర్ఛా పోయింది, పిన్నీసు మీద మోజూ పోయింది. ఇది అరుదు. కాకపోతే 40, 50 ఏళ్ళు దాటాక ఎన్నడూ లేని యావ హఠాత్తుగా మొదలై, మతిమరుపో, మూర్ఛో, సిగ్గు విడిచిన ప్రవర్తనో తోడైతే, లేక పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)కు మందులు మొదలుపెట్టాక వస్తే న్యూరాలజిస్టును కలవండి. ఇరవైలనుంచీ ఉన్నదానికి ఆ భయం అక్కర్లేదు.

ప్రశ్న: మా ఆయన రాత్రిళ్ళు తలుపేసుకుని నా చీర కట్టుకుంటున్నారు. అడిగితే ఏడ్చారు. నాతో కాపురం బాగానే ఉందండి. ఆయన మగవారే కారా? (రాజోలు ప్రాంతం)

ఒకే పని వెనక మూడు వేరువేరు సంగతులు ఉండవచ్చు. కొందరికి ఆ గుడ్డ స్పర్శ కోరిక రేపుతుంది. కొందరికి కోరికతో పని లేదు, ఆ కాసేపు ప్రాణం తేలికపడుతుంది. కొందరు లోపల తాము ఆడవారమేనని చిన్నప్పటినుంచీ అనుకుంటూ ఉంటారు. మీ ఆయనది ఏదో ఆయనే చెప్పాలి. "చీర విప్పాక ఎలా ఉంటుంది?" అని అడిగి చూడండి. పని అయిపోగానే ఆసక్తి చప్పున పడిపోతే మొదటిది. విప్పడమే బాధగా ఉంటే మూడోదాని గురించి ఆలోచించాలి. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో వస్తు యావకూ, ఇలా కట్టుకోవడానికీ చోటు లేదు. తీసేశారు.

మీ చీరలు ముట్టవద్దనే హక్కు మీకుంది. ఆయనకు వేరే రెండు చీరలు, ఆయన కొలతకు కుట్టించిన జాకెట్టు, తాళం ఉన్న పెట్టె పెట్టుకోమనండి. పిల్లలు నిద్రపోయాకే, గడియ వేశాకే, ఫొటోలు తీయకుండా. మీరు చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఏడ్చిన మనిషిని పుట్టింటివారి ముందు నిలబెడితే మాత్రం కాపురం దక్కదు.

ప్రశ్న: ఇద్దరికీ ఇష్టమే. చేతులు కట్టేసుకోవడం. మొన్న కొబ్బరి తాడుతో కడితే తోలు లేచిపోయింది, బొటనవేలు రెండు రోజులు తిమ్మిరి. ఎక్కడ పొరపాటు? (భార్యాభర్తలు, కోనసీమ)

మొదటి పొరపాటు తాడు. కొబ్బరి పీచు తాడు దూడను కట్టడానికి పుట్టింది. పీచు మొనలు గుచ్చుకుంటాయి, చెమటకు ఉబ్బి ముడి బిగుస్తుంది. రొయ్యల చెరువుల దగ్గర దొరికే ప్లాస్టిక్ తాడు ఇంకా ప్రమాదం, జారి చర్మాన్ని కాలుస్తుంది. పట్టుచీర కొంగు ముడి ఒకసారి బిగిస్తే పళ్ళతో కూడా రాదు. పాత నూలు చీరను నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా చించండి. ఒత్తిడి ఎంత వెడల్పులో పంచుకుంటే నరానికి అంత మేలు.

రెండో పొరపాటు నరం. తిమ్మిరి మణికట్టు దగ్గర నరం నలిగిందనడానికి గుర్తు. చెయ్యి చల్లబడి నీలంగా మారితే రక్తం ఆగుతున్నట్టు. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండడం, పట్టు సడలడం నరం నొక్కుకున్నట్టు. రెండోది మోసకారి, చెయ్యి వెచ్చగా, ఎర్రగానే ఉంటుంది. మోచేతికి పైన, బయటివైపు ఎముకను చుట్టుకుని ఒక నరం పోతుంది. అక్కడ కడితే మణికట్టు వాలిపోయి వారాలు, నెలలు పైకి లేవకపోవచ్చు. మోకాలి కింద బయటివైపు గట్టి బుడిపె దగ్గర కడితే పాదం వాలుతుంది. ఈ రెండు చోట్లా కట్టవద్దు. మెడకు ఏదీ, ఎంత వదులుగానైనా వద్దు. ఊపిరి బిగబట్టించే ఆటలకు భద్రమైన పద్ధతి అంటూ లేదు. మెడలో రక్తనాళం నొక్కుకుంటే పది సెకన్లలో స్పృహ పోవచ్చు, 'ఆపు' అనే వ్యవధి కూడా ఉండదు.

కట్టే తీరు ఇది. అరచేతులు ఎదురెదురుగా పెట్టి, మణికట్టు కీలు మీద కాక దానికి కాస్త పైన, రెండు చేతులనూ కలిపి మూడు చుట్లు వదులుగా తిప్పండి. కొస మిగిల్చి రెండు చేతుల మధ్యనుంచి చుట్ల మీదుగా రెండుసార్లు తిప్పి, చదును ముడి వేయండి. లాగితే బిగిసే ఉరిముడి వేయకూడదు. చుట్టు కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. ఐదేసి నిమిషాలకు "మణికట్టు పైకెత్తు, వేళ్ళు విప్పు" అని అడగండి. ఎత్తలేకపోతే అప్పుడే విప్పాలి. మొత్తం పావుగంట చాలు. చేతులు తలపైకి ఎత్తి ఉంచితే అందులో సగం. మొద్దుమొన ఉన్న బ్యాండేజీ కత్తెర చేతికందేలా ఉండాలి, ముడి విప్పుతూ కూర్చోవద్దు, కోసేయండి. కట్టేసి పక్కగదికైనా పోవద్దు. తాగి ఉంటే ఆ రోజు మానేయండి.

"వద్దు" అన్నది ఆటలో భాగమయ్యే అవకాశం ఉంది కాబట్టి ఆపడానికి వేరే మాట పెట్టుకోండి. "పూతరేకు" అనండి, ఆ సమయంలో పొరపాటున నోట్లోంచి వచ్చే మాట కాదు. నోరు కట్టే పనైతే చేతికి తాళాల గుత్తి ఇవ్వండి, అది కింద పడితే ఆపాలి.

ఇలాంటి హెచ్చరికలు ఇప్పటివేమీ కావు. కామసూత్రాల్లో దెబ్బల గురించి చెప్పిన వాత్స్యాయనుడు, కర్తరి అనే దెబ్బతో శాతవాహన రాజు శాతకర్ణి తన రాణి మలయవతిని చంపుకున్నాడని అక్కడే రాశాడు. మోహం తలకెక్కినప్పుడు చేతి బలం మనిషికి తెలియదన్నది ఆయన వాదన. బొటనవేలి తిమ్మిరి రెండు వారాలు దాటితే నరాల వైద్యుడికి చూపించండి, కారణం ఉన్నదున్నట్టు చెప్పండి.

ప్రశ్న: నాకూ నా భార్యకూ బురదలో పొర్లడం సరదా. ఊడ్పుల ముందు దమ్ము చేసిన మడి కంటే మంచి చోటేముంది? (రావులపాలెం దగ్గర)

చూడడానికి వెన్నలా ఉంటుంది, అందులో ఎలుక మూత్రం ఉంటుంది. లెప్టోస్పిరా అనే క్రిమి చిన్న గీత ఉన్నా, కన్నూ ముక్కూ తడిసినా ఒంట్లోకి పోతుంది. మామూలుగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడడం. ముదిరితే కామెర్లు, కిడ్నీ దెబ్బ. ఇప్పటికే పొర్లి ఉండి జ్వరం వస్తే "బురదలో తిరిగాం" అని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క ముక్కతో సరైన మందు త్వరగా మొదలవుతుంది. పైగా మడి అంటే నలుగురూ చూసే చోటు.

ఇంట్లో చేసుకోండి. ఐదు కిలోల ముల్తానీ మట్టి, శుభ్రమైన గోరువెచ్చని నీళ్ళు నాలుగు లీటర్లతో మొదలుపెట్టి, పెరుగంత చిక్కగా వచ్చేదాకా కాసిని కాసిని పోస్తూ కలపండి. గంట నానితే ఉండలు పోతాయి. నేల మీద పరిచే టార్పాలిన్ జారుతుంది, కూర్చుని మొదలుపెట్టండి. జననాంగాల లోపలికి మట్టి పోనివ్వవద్దు. కడిగిన నీళ్ళు బాత్రూం తూములోకి వదిలితే పైపు పూడుతుంది, బకెట్లతో పెరట్లో కొబ్బరి మొదట్లో పోయండి.

ప్రశ్న: రబ్బరు గ్లౌజులంటే ఇష్టం. కొబ్బరి నూనె రాస్తే జిగురైపోతున్నాయి.

నూనె లేటెక్సును, అంటే ఆ గ్లౌజుల రబ్బరును, తినేస్తుంది. కండోమ్ సంగతీ అంతే, నిమిషాల్లో బలం తగ్గి చిరుగుతుంది. కొబ్బరి నూనె, వాజెలిన్, బేబీ ఆయిల్ మూడూ వద్దు. నీటి ఆధారంగా చేసిన లూబ్రికెంట్ వాడండి. చర్మం దద్దుర్లెక్కితే లేటెక్సు పడలేదని అర్థం, నైట్రైల్ గ్లౌజులకు మారండి. మన ఉక్కపోతలో అరగంటకు మించి తొడగవద్దు.

ప్రశ్న: వయసు 24, ఆడపిల్లను. నా కాళ్ళ ఫొటోలు పంపితే ఫొటోకు రెండువేలు ఇస్తామని ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజి. ముఖం కనపడదుగా?

డబ్బు 'వేయడానికి' క్యూఆర్ కోడ్ పంపుతారు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పోయేది మీ ఖాతాలోంచే. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినా మోసమే. ముఖం లేకున్నా పుట్టుమచ్చ, పట్టీ, వెనక గచ్చు టైల్స్ మిమ్మల్ని పట్టిస్తాయి. ఇప్పటికే పంపి ఉండి బెదిరిస్తుంటే డబ్బు కట్టకండి, చాట్ తుడిచేయకండి. స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: పక్కింటి దండెం మీద ఆడవాళ్ళ లోదుస్తులు రెండుసార్లు తీశాను. తరవాత నా మీద నాకే అసహ్యం. (భీమవరం, విద్యార్థి, 20)

ఇంతకుముందు ఉత్తరాలకూ దీనికీ తేడా ఉంది. ఆ ఇంటావిడ ఒప్పుకోలేదు. గుడ్డ మీద ఇష్టం నేరం కాదు, తీయడం దొంగతనం. తొంగిచూడడం దాకా పోతే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ జైలు. దండెం ఖాళీ అయిన రోజునుంచి ఆ ఇంట్లో ఎవరు ఎంత భయంగా ఉన్నారో మీకు తెలియదు.

రహస్యంగా తిరిగి పెట్టడానికి వెళ్ళవద్దు, ఆ పేరుతో మళ్ళీ అక్కడికే చేరతారు. దండెం కనిపించే కిటికీకి గట్టి తెర కట్టండి. బట్టలు ఆరేసే వేళ మేడ మీదికి పోవద్దు. కోరిక ఎగదన్నినప్పుడు గడియారం చూసుకుని అరగంట వేరేచోట, మనుషుల మధ్య గడపండి. అల ఎక్కినట్టే దిగుతుంది, చాలాసార్లు ఆ లోపే. గుడ్డే కావాలనుకుంటే షాపులో కొత్తది కొనుక్కోవడంలో తప్పు లేదు. దొంగిలిస్తేనే ఉద్రేకం వస్తోందంటే అది వేరే సమస్య, ఈ వారమే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు, ఫోన్ చేయండి. డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: చెప్పుల గురించి ఆలోచించకపోతే భార్యతో ఏమీ చేతకావడం లేదు. ఎనిమిదేళ్ళుగా ఇంతే. లాడ్జీలో దిగే వైద్యుడు కోర్సుకు 40 వేలు అడిగాడు. (తాడేపల్లిగూడెం, 34)

40 వేలు జేబులోనే ఉంచుకోండి. ఆ పొడుల్లో ఏం కలుపుతారో డబ్బా మీద ఉండదు.

అమెరికన్ మానసిక వైద్యుల 2013 ప్రమాణాల ప్రకారం ఆర్నెల్లకు తక్కువ కాకుండా ఉండి, దానివల్ల బాధో, కాపురానికో ఉద్యోగానికో నష్టమో ఉంటేనే దాన్ని రుగ్మత అంటారు. మీది ఆ గీత మీదికి వచ్చింది. వైద్యం యావను వేళ్ళతో పెకలించదు, ఆ మాట ఇచ్చినవారిని నమ్మవద్దు. దాని పక్కన మరో దారి వేస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు అలవాటైన ఊహతోనే మొదలుపెట్టి, ఆఖరి క్షణాల్లో మాత్రం మనసును భార్య వైపు తిప్పాలి. అది కుదిరాక వారం వారం ఆ మలుపు కాస్త కాస్త ముందుకు జరపాలి. ఎక్కువమంది తప్పు చేసేది మొదటి రోజే చెప్పుల ఊహ పూర్తిగా మానేయబోవడం. విఫలమై, భయపడి, ఆ భయంతో అంగస్తంభన పోగొట్టుకుంటారు. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేం, మూడు నెలలు చూడండి. ఆ మూడు నెలలూ చెప్పుల వీడియోలు ఆపండి.

ఆలోచనలు రోజంతా వదలకపోతే సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు డాక్టరు రాస్తారు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. స్ఖలనం ఆలస్యమవుతుందని ముందే తెలుసుకోండి, లేకపోతే మందే కొత్త జబ్బనుకుని మానేస్తారు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది. మీరు చెప్పింది బయటికి చెప్పకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం వైద్యుడికి నియమం పెట్టింది. ఓపీ చీటీ మీద కారణం రాయించడానికి మొహమాటమైతే "నిద్ర పట్టడం లేదు" అని రాయించి, లోపలికి వెళ్ళాక అసలు సంగతి చెప్పండి. చెప్పులు ఆమెకు ఇష్టమైనవే అయితే ఆమె వేసుకుని ఉండవచ్చా అని కూడా ఒకసారి అడగండి. ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్న వేసినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.